శుక్రవారం కూడికలో బాపు గుర్రం

శ్రీరాంపూర్ కంపెనీ క్వార్టర్లలో తోమాసు ఇంటికి గుర్రం వచ్చి ఏడు నెలలైంది. అది గడ్డి తినదు, పేడ వెయ్యదు, హాల్లో టీవీ ఉన్నంత జాగా తప్ప ఇంకేమీ అడగదు. అయినా ఆ ఇంట్లో దాని మీద జరిగినన్ని పంచాయితీలు మనుషుల మీద కూడా జరగలేదు.

అసలు ఆ గుర్రం ఆయన కూతురు ఆరాధనది. కరీంనగర్‌లో బీటెక్ చదివి, హైదరాబాద్ కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తున్న ఆరాధన, బోనస్ రాగానే ఒక గేమ్ కన్సోల్ కొనుక్కుంది. నల్ల డబ్బా, దాన్ని టీవీకి తగిలిస్తే తెర నిండా మైదానాలు, కొండలు, ఒక ఏరు, గుర్రం మీద ఒక మనిషి. మొదటి వారం ఆమె ఆడింది. రెండో వారం బాపు జర చూస్తానని పక్కన కూర్చున్నాడు. మూడో వారానికి ఆమే పక్కన కూర్చోవలసి వచ్చింది.

తోమాసు ముప్పై ఏళ్లుగా బొగ్గు బాయిలో పనిచేస్తున్న మనిషి. షిఫ్ట్ మొత్తం నెత్తి మీద కప్పు ఎక్కడ ఊడుతుందో చూసుకుంటూ బతికినవాడు. ఆటలో కథ ఉంది, పట్టుకోవలసిన దొంగలున్నారు, పేల్చడానికి తుపాకులున్నాయి. ఆయనకు అవేవీ పట్టలేదు. గుర్రమెక్కి మబ్బుల కింద పోతూ ఉండడమే ఆయన ఆట. ఎదురొచ్చిన ప్రతివాడికీ టోపీ తీసి నమస్కారం పెట్టేవాడు. ఎత్తు వస్తే గుర్రం దిగి, కళ్లెం పట్టుకుని నడిచేవాడు. అది కంప్యూటర్ గుర్రం బాపూ, అలసిపోదు అని ఆరాధన చెప్పింది. నువ్వు ఎన్నడన్న ఎక్కినవా అని ఆయన అడిగాడు. రౌతుకు పేరు పెట్టుకోమని ఆట అడిగితే, ఇంగ్లీషు అక్షరాల్లో తోమాస్ అని కొట్టించుకున్నాడు. ఆ పేరు ఎప్పుడూ రౌతు నెత్తి మీద తెల్లగా వెలుగుతూ ఉంటుంది.

కష్టమంతా ఇంట్లో టీవీ ఒక్కటే కావడంలో ఉంది. ఆరాధన తల్లి రిబ్కమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆ వరసలో పెద్ద హాలు వీళ్లదే కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ల ప్రార్థన కూడిక ఇక్కడే. ఈస్టర్ అయిన వారానికి పాస్టరమ్మగారు ఊరికే పలకరించి పోదామని వచ్చి, కుర్చీలో కూర్చుని టీ అందుకున్న క్షణంలో తెర మీద పొదల్లోంచి ఎలుగుబంటి లేచింది. గుర్రం బెదిరింది, తోమాసు అరిచాడు, టీ మొత్తం తెల్లచీర మీద పడింది.

ఆ రోజు రిబ్కమ్మ తీర్పు చెప్పింది. ఇంకొక్కసారి కూడిక వాళ్ల ముందర ఆ టీవీల గుర్రం కనబడితే, డబ్బా శనివారం పొద్దుటి బస్సుకు కరీంనగర్ పోతుంది, తన తమ్ముని కొడుకు స్టీఫెన్ దగ్గరికి. స్టీఫెన్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, అత్తమ్మా మీ ఆరోగ్యం ఎట్లున్నది, డబ్బా ఆరోగ్యం ఎట్లున్నది అని కనుక్కున్నాడు. రిబ్కమ్మ మాట అంటే మాటే. నీళ్ల పాలు పోశాడని పాలాయనతో మాట్లాడనని ఒకసారి అన్నది. ఆరేళ్ల నుంచి అతని దగ్గరే పాలు పోయించుకుంటోంది, సైగలతో.

టీవీ లేకుండా ఆడే దారి వెతకడం ఆరాధన వంతయింది. దారి ఉంది. కన్సోల్ హాల్లోనే ఉంటుంది, ఆట దానిలోనే నడుస్తుంది, బొమ్మ మాత్రం వైఫై మీద చేతిలోని చిన్న మిషన్‌కు వస్తుంది. వెనక గదిలో మంచం మీద పండుకుని ఆడుకోవచ్చు. ఇదంతా విని రిబ్కమ్మ షరతు పెట్టింది. ఈ శుక్రవారం కూడిక జరుగుతున్నప్పుడే తోమాసు వెనక గదిలో తలుపేసుకుని ఆడి చూపించాలి. హాల్లో టీవీ నల్లగా ఉంటే డబ్బా ఇంట్లో ఉంటుంది. వెలిగిందా, స్టీఫెన్.

ఆరాధన కాలేజీ దోస్తు మమతారాణికి కరీంనగర్‌లో ఆటసామాన్ల దుకాణం ఉంది. ఆమె మూడు రకాల మిషన్లు బస్సు పార్సిల్లో పంపి, ఒకటి ఉంచుకుని మిగతా రెండూ శనివారానికి వాపసు చెయ్యమంది. ఆరాధన పదకొండు గడుల షీటు తయారు చేసింది. బరువు, తెర, వేడి, బ్యాటరీ, అన్నిటికంటే ముఖ్యంగా ల్యాగ్, అంటే మనం మీట నొక్కినదానికీ అక్కడ గుర్రం కదిలినదానికీ నడుమ పోయే టైము. తోమాసుకు షీటు అక్కర్లేదు. ఆయన దగ్గర బాయిలో నెత్తికి పెట్టుకునే క్యాప్ ల్యాంపును చూసే కొలత ఉంది. బరువు మెడకు తెలియొద్దు, వేడెక్కొద్దు, షిఫ్ట్ మొత్తం వెలగాలి.

మొదటిది కన్సోల్ చేసిన కంపెనీ వాళ్లదే. మధ్యలో తెర, రెండు పక్కలా చేతికి నిండుగా దొరికే పిడులు. బొమ్మ తేటగా ఉంది, ల్యాగ్ లేనట్టే ఉంది. కానీ ఇంకే పనీ రాదు. పాట పాడదు, ఫోన్ మాట్లాడదు, కన్సోల్ పలకకపోతే ఒట్టి పలక. తోమాసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి అల్లుడని పేరు పెట్టాడు. మంచిగ కనబడుతది, మర్యాద చెయ్యాలె, ఒక్క పని తప్ప చాతగాదు అని వివరించాడు.

రెండోదానికి సొంత తెరే లేదు. రెండు పిడులను అటూ ఇటూ లాగి, మధ్యలో మన ఫోనును బిగించాలి. చవక, తేలిక. అయితే బొమ్మా, బ్యాటరీ, వైఫై పట్టుకునే బలం, అన్నీ ఆ ఫోనువే. అందులో కూర్చున్నది తోమాసు పాత ఫోను, మూల పగిలింది, ఆరేళ్లది. ఇద్దరు బోయీలు మోస్తుంటే నడుమ ముసలి దొరసాని కూర్చున్నట్టుందని దానికి పల్లకి అని పేరొచ్చింది.

మూడోది చేతిలో పట్టే కంప్యూటర్. అన్నీ చేస్తుంది, చేసే ముందు అన్నీ అడుగుతుంది. అది సిద్ధం కావడానికి నలభై నిమిషాలు పట్టింది, లోపల ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది, వెనక వైపు జొన్నరొట్టె కాల్చుకునేటంత వేడెక్కింది. దాని పేరు బండ. ఆ ఫ్యాను చప్పుడు బాయిలో గాలి ఫ్యాను లెక్కనే ఉందని తోమాసు ముచ్చటపడి, దాన్ని ఛాతీ మీద పెట్టుకుని పది నిమిషాల్లో నిద్రపోయాడు. రెండు గంటలకు బ్యాటరీ అయిపోయి అది కూడా నిద్రపోయింది. రెండు గంటలకు ఆరిపోయే దీపం పట్టుకుని బాయిల దిగుతరా అని లేచాక అడిగాడు.

అసలు పరీక్ష చెక్క వంతెన. ఏటి మీద ఇరుకు వంతెనొకటి ఉంది, ఏమాత్రం అటూ ఇటూ అయినా గుర్రం నీళ్లలోనే. అల్లుడు ఐదుసార్లకు ఐదుసార్లూ దాటించాడు. బండ నాలుగుసార్లు దాటించింది, ఐదోసారి వేలు కాలి తోమాసే వదిలేశాడు. పల్లకి మీద ఐదుసార్లలో నాలుగుసార్లు గుర్రం ఏట్లో పడింది. రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంది, వెనక గదికి నడుమ రెండు గోడలున్నాయి, ముసలి ఫోనుకు ఆ దూరం అందదు. ఆరాధన షీటులో పల్లకి వరసంతా ఎర్రరంగు కొట్టి, శుక్రవారానికి అల్లుడని ఖాయం చేసింది. పరీక్షలన్నీ రిబ్కమ్మ చర్చికో మార్కెట్‌కో పోయినప్పుడు జరిగాయి. టీవీ గోడ స్విచ్ తీసేసి ఉండేది. వాడని వస్తువుకు కరెంటు ఇవ్వడం తోమాసుకు గిట్టదు.

శుక్రవారం తోమాసు మొదటి షిఫ్ట్ నుంచి నాలుగింటికి ఇంటికొచ్చాడు. కూడిక ఆరింటికి. అంతదాకా ఊరికే ఎందుకని అల్లుడిని చేతిలోకి తీసుకున్నాడు. ఐదూ నలభైకి అది ఆరిపోయింది. పొద్దున చార్జింగ్ పెట్టిన ఆరాధన, పిన్ను సరిగా దిగిందో లేదో చూసుకోలేదు. బండను తెరిస్తే, అప్‌డేట్ అవుతోంది, దయచేసి ఆపవద్దు అని పద్నాలుగు శాతం దగ్గర వేడుకుంటోంది. అప్పటికే బయట చెప్పుల చప్పుళ్లు మొదలయ్యాయి. ఆరాధన పల్లకిలో ఫోను బిగించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, ఏటి దిక్కు మాత్రం పోవద్దని బాపుకు చెప్పి తలుపేసింది.

హాల్లో రిబ్కమ్మ తన జాగ్రత్తలు తాను తీసుకుంది. టీవీ మీద తాను అల్లిన తెల్ల దారపు గుడ్డ కప్పింది. రిమోటును బీరువాలో పెట్టి తాళం నడుముకు దోపుకుంది. ఇరవై ఐదు మంది ఆడవాళ్లు చాపల మీద సర్దుకున్నారు. ఆరాధన గోడవార, కిష్టవ్వ పక్కన ఇరుక్కుంది. కిష్టవ్వకు ఎనభై దగ్గర పడ్డాయి. మోకాళ్లు వంగక కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది కాబట్టి, ఆమె లేచేదాకా ఆ మూల నుంచి ఎవరూ లేవలేరు.

చివరగా వచ్చింది పక్క క్వార్టర్ వందన. ఆమె చెల్లె నిర్మల్‌లో ఉంటుంది. ప్రతి శుక్రవారం వీడియో కాల్లో కూడిక చూపించడం వందన చేసే సేవ. వైఫై ఈ ఇంటిదే. ఫోనులో చార్జింగ్ తక్కువుందని, టీవీ పక్కనున్న బోర్డులో చార్జర్ పెట్టి, ఏ స్విచ్ దేనిదో తెలియక మూడూ వేసింది.

కన్సోల్‌లో ఒక ఏర్పాటుంది. తాను నిద్ర లేచినప్పుడు టీవీని కూడా లేపుతుంది. కొన్న మొదటి రోజే ఆరాధన సోకుగా దాన్ని ఆన్ చేసుకుంది. వారం రోజులుగా గోడ స్విచ్ తీసి ఉండడం వల్ల టీవీ లేవలేదు, ఆ సంగతి ఆమెకు గుర్తూ రాలేదు. అల్లుడు ఆరగానే కన్సోల్ నిద్రపోయింది, వెనక గదిలోని ముసలి ఫోను దాన్ని తట్టి లేపేసరికి ఇంతసేపు పట్టింది.

పాస్టరమ్మగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టిన రెండో నిమిషంలో టీవీ మీది గుడ్డ వెలిగింది. ముందు బొగ్గు రంగు, తర్వాత నారింజ రంగు. ఆ వెనక చిన్నగా డెక్కల చప్పుడు. కిష్టవ్వ ఒక కన్ను తెరిచింది. కాలుతున్నదేమో అనుకుని వందన చటుక్కున గుడ్డ లాగేసింది.

తెర నిండా సాయంత్రం. పచ్చిక మీద ఎండ, దూరంగా కొండలు, గుర్రం మీద నిటారుగా ఒక మనిషి, నెత్తి మీద తెల్లని అక్షరాల్లో పేరు.

పాస్టరమ్మగారు రెండు వాక్యాలు వదిలేసి ఆమెన్ అన్నారు. అందరూ రిబ్కమ్మ వైపు చూశారు. ఆరాధన లేవబోయింది. స్విచ్ దాకా పోతే చాలు, కానీ నడుమ కిష్టవ్వ కాళ్లున్నాయి.

"కూసో," అంది రిబ్కమ్మ, గొంతు పెంచకుండా.

ఎవరమ్మా అది అని పాస్టరమ్మగారు అడిగారు. ప్రకటన అనొచ్చు, యూట్యూబ్ దానంతట అదే మొదలైంది అనొచ్చు. ఆరాధన ఆ క్షణంలో నాలుగు అబద్ధాలు తయారు చేసి పెట్టుకుంది. రిబ్కమ్మకు ఒక్కటీ తట్టలేదు.

"మా ఇంటాయన, అమ్మగారూ. వెనక అర్రల ఉన్నడు. గుర్రం నడుపుతుండు."

కిష్టవ్వ మెడ ముందుకు చాపి చూసి, తోమాసా, గుర్రం మీద మంచిగ కూసున్నడు అంది. దానితో హాలు మొత్తం కదిలి కాస్త దగ్గరికి జరిగింది. ఎదురుగా బండి తోలుకొస్తున్న ముసలాయనకు తోమాసు టోపీ తీశాడు. మర్యాదస్తుడు అని ఎవరో అన్నారు. ఎత్తు వచ్చింది, దిగి నడిచాడు. పశువు మీద దయ ఉన్నదని పాస్టరమ్మగారు కూడా ఒప్పుకున్నారు. వందన తన ఫోనును టీవీ వైపు తిప్పింది. నిర్మల్ చెల్లె తన అత్తనూ తోడికోడలినీ కేకేసి పిలవడం స్పీకరులో వినబడింది. రిబ్కమ్మ మాత్రం రెప్ప వెయ్యలేదు. ఆమె శనివారం బస్సు గురించి ఆలోచిస్తోందని ఆరాధనకు తెలుసు.

ఎత్తు దిగాక దారి రెండుగా చీలింది. ఒకటి ఏటికి, ఒకటి ఊళ్లోకి. తోమాసు కూతురి మాట విని ఏటి వైపు పోలేదు.

ఊళ్లో ఏముందో ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. పన్నెండేళ్ల కింద తోమాసు చర్చిలో నిలబడి తాగుడు మానేస్తున్నానని చెప్పాడు, ఆ తర్వాత ఒక్క చుక్క ముట్టలేదు. ముట్టలేదంటే, ఈ లోకంలో. ఆటలో రోజూ సాయంత్రం సారా దుకాణం ముందు గుర్రం కట్టేసి, లోపలికి పోయి రెండు గ్లాసులు తాగుతాడు. రెండో గ్లాసుకు రౌతు నడక తూలుతుంది, అది చూసి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతాడు. తలనొప్పి లేదు, పైసల్ లేవు, మీ అమ్మ లేదు అని ఒకసారి కూతురితో అన్నాడు.

ఊరు వచ్చింది. దుకాణం వచ్చింది. తోమాసు దిగి, గుర్రం కట్టేసి, మెట్లెక్కాడు. తలుపు మీది ఇంగ్లీషు బోర్డును వందన అందరి కోసం పైకి చదివి, అదేమిటో తెలుగులో కూడా చెప్పింది.

ఆరాధన కొంగు చాటున ఫోన్ కలిపింది. బాపు ఫోను పల్లకిలో ఉంది. కాల్ వచ్చిందంటే ఆట మీదికి వస్తుంది, ఎవరో చూస్తాడు, ఆగుతాడు. తోమాసు ఎవరో చూడకుండానే కోసేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కోసేశాడు. బాపూ ఆపు అని మెసేజ్ పెట్టింది. బ్యాంకు వాళ్లు తప్ప తనకు మెసేజ్ పెట్టేవాళ్లు లేరని తోమాసు నమ్మకం.

అయితే తెర మీద రౌతు ఆగిపోయాడు. తలుపుకు అడుగు దూరంలో, చెయ్యి లేవకుండా, నిలబడిపోయాడు.

అటు నిర్మల్‌లో ఇద్దరు ముగ్గురు చేరి ఇంకో ఫోనులో కూడా కాల్ కలపడంతో వైఫై సగం వందనే తాగేస్తోంది. మిగిలిన సగాన్ని ఆరాధన కాల్స్ తొక్కేశాయి. వెనక గదిలో ముసలి ఫోనులో బొమ్మ గడ్డకట్టి ఉంటుంది, బాపు తలుపు తెరిచే మీటను ఎడాపెడా నొక్కుతూ ఉంటాడు. ఇదంతా ఆరాధనకు అర్థమైంది. మిగతా ఇరవై ఐదు మందికి కనబడింది వేరు. పన్నెండేళ్ల కింద మానేసిన మనిషి సారా దుకాణం గడప ముందు నిలబడి, లోపలికి పోవాలా వద్దా అని కొట్లాడుతున్నాడు.

నిమిషం గడిచింది. కిష్టవ్వ చెయ్యి ఆరాధన భుజాన్ని ఆసరాగా పట్టుకుంది. ఏళ్ల తరబడి వంగని మోకాళ్లు వంచి, చాప మీద మోకరించింది.

"వద్దు కొడుకా," అంది తెరతో. "మళ్లు."

పాస్టరమ్మగారు పైకి ప్రార్థన అందుకున్నారు. ఆడవాళ్లంతా గొంతు కలిపారు. వెనక గది తలుపు గట్టిది, ఇయర్‌ఫోన్లు ఇంకా గట్టివి. రిబ్కమ్మ మాత్రం ప్రార్థన చెయ్యలేదు. ఆమె పెదవులు బిగించి తెరనే చూస్తోంది, మొగుడు ఇంటికి రావలసిన టైముకు రాని రోజుల్లో గేటు వైపు చూసినట్టు.

అప్పుడు నొక్కుళ్లన్నీ ఒక్కసారే వచ్చి చేరాయి. రౌతు గిర్రున వెనక్కి తిరిగాడు. టోపీ తీసి పెట్టుకున్నాడు. మెట్లు దూకి గుర్రం దగ్గర పడ్డాడు. తలుపు దగ్గర తలుపు తెరిచే మీటే గుర్రం దగ్గర గుర్రం ఎక్కిస్తుంది, కాబట్టి ఎక్కేశాడు. ఇంకా మిగిలిన నొక్కుళ్లకు గుర్రం పగ్గం తెంపుకున్నట్టు ఊరు దాటి, దుమ్ము లేపుకుంటూ కొండల్లోకి పోయింది.

హాలు స్తోత్రాలతో దద్దరిల్లింది. వందన ఏడ్చింది, నిర్మల్ కూడా ఏడ్చింది. కిష్టవ్వ కళ్లు తుడుచుకుని, ఎవరితోనూ కాకుండా, "మా ఆయన ఒక్కనాడు మళ్లలే," అంది.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. లుంగీ, బనియను, చేతిలో పల్లకి, మొహంలో చిరాకు. నెట్ పోయింది బిడ్డా అని చెప్పబోయిన తోమాసు, ఇరవై ఐదు మంది ఆడవాళ్లు తనను చూసి లేచి నిలబడడం చూశాడు. పాస్టరమ్మగారు చేతులు జోడించి వందనాలు చెప్పారు. కిష్టవ్వ ఆయన తల వంచమని సైగ చేసి నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఎవరు పోయిన్రు అని తోమాసు మెల్లగా అడిగాడు. దండెం మీది తువ్వాల తీసి భుజాల మీద కప్పుకుని, ఆయన కూడా కాసేపు దుఃఖంగా నిలబడ్డాడు.

అన్నాలకు కూర్చునేసరికి కన్సోల్ అట్టపెట్టె అటక మీది నుంచి దిగి గడప పక్కన ఉంది. ఆరాధన జరిగిందంతా బాపుకు చెప్పేసింది. ఆయన పప్పు కలుపుకుంటూ విన్నాడు. రిబ్కమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది.

"తలుపు దాక పోయి ఎందుకు మళ్లినవ్?"

మంచి జవాబు ఒకటి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టుంది. అది అందుకుంటే డబ్బా ఉంటుంది, పేరు కూడా ఉంటుంది. ఆరాధన బాపు వైపు చూసింది. తోమాసు ముద్ద దించాడు.

"మళ్లలే. లోపటికి పోదమనే నొక్కిన. మిషన్ ఆగింది."

"దినాం పోతున్నవా?"

"దినాం."

రిబ్కమ్మ లేచి వెళ్లి పెరుగు గిన్నె తెచ్చింది. ఆయనకు వేసింది, కూతురికి వేసింది, తనకు వేసుకుంది. పోయేటప్పుడు కిష్టవ్వ, వచ్చే శుక్రవారం కూడా తోమాసును చూపించమని అడిగిందని చెప్పింది. ముసలామె మోకాళ్లు వంచి మొక్కితే కాదని ఎట్లా అంటానంది. మరి నీ మాట అని ఆరాధన గుర్తు చేసింది. తాను శనివారం బస్సు అన్నది నిజమే గానీ, ఏ శనివారమో అనలేదని రిబ్కమ్మ అంది. తర్వాత, మూడు మిషన్లలో ఆగినది ఏది అని అడిగింది. ఆరాధన పల్లకిని చూపించింది. అది అన్నిటికంటే పనికిమాలినదని, షీటులో ఎర్రరంగు కొట్టిందని, అల్లుణ్ని ఉంచుకుంటే మంచిదని చెప్పింది.

"గిదే ఉంచు," అంది రిబ్కమ్మ. "కడమ రెండు పంపు."

తోమాసు చెయ్యి కడుక్కుని వచ్చాడు. పల్లకిని ఒళ్లో పెట్టుకుని, మీట మీద బొటనవేలు పెట్టి కాసేపు చూశాడు. ఇది మంచిదే, జర తేలికగున్నది అన్నాడు. ఆ తర్వాత మామూలుగా అడిగినట్టు, రౌటర్‌ను వెనక గదిలోకి జరిపితే ఈ ఆగుడు పోతుందా అని కూతుర్ని అడిగాడు. పొడుగు వైరు ఒకటి వేస్తే చాలు, పది నిమిషాల పని అని ఆరాధన నోరు తెరిచింది.

రిబ్కమ్మ గిన్నెలు తీస్తూ ఆగింది.

"రౌటర్ హాల్లనే ఉంటది."